నూనెకూ నీళ్లకూ సంధి

కారు కలవారమే గాని, మేం కలవారం కాము. మా కారును ఒక్కసారి చూసినవాళ్లకు ఈ సంగతి విడిగా చెప్పాల్సిన పని ఉండదు. మా చేతికి వచ్చేనాటికే అది ఇద్దరు యజమానులను చూసింది. ఒకప్పుడు వెండిరంగట, ఇప్పుడు సత్తుగిన్నె రంగు. వెనకవైపు కుడి తలుపు బయటినుంచి మాత్రమే తెరుచుకుంటుంది, ఎడమ తలుపు లోపలినుంచి మాత్రమే. కాబట్టి చుట్టాలెవరైనా వస్తే కుడివైపు ఎక్కి ఎడమవైపు దిగాలి. భద్రాచలం దర్శనం క్యూ లాగా, వచ్చిన దారిన వెనక్కి పోవడమన్నది ఉండదు.

'కారు' అన్న మాటకు స్రవించడమనే అర్థం కూడా ఉంది. బడిలో తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి కాబట్టి ఆ అర్థం నాకు ముందే తెలుసు. కారుకు కూడా తెలుసునని కొన్నాక తెలిసింది. వానాకాలం పైనుంచి లోపలికి కారేది. ఎండాకాలం లోపలినుంచి కిందికి కారేది. ఎక్కడో ఒక ముసలి రబ్బరు గొట్టం, దాని మెడ దగ్గర ఒక సన్నటి చెమట. ఇంజన్‌ను చల్లగా ఉంచే ఆకుపచ్చ కూలెంట్ అక్కణ్నుంచి బొట్టుబొట్టుగా పోయేది. అప్పుడప్పుడు కొంచెం పోస్తే సరిపోయేది. పెద్దవాళ్లకు మందుబిళ్ల వేసినట్టు అనుకునేవాళ్లం.

ఇంత అవస్థపడి ఆ కారునెందుకు పట్టుకుని వేలాడామో చెప్పాలి. భార్యాభర్తలు అన్నది ద్వంద్వ సమాసం. ఈ పాఠం పిల్లలకు ఏటా చెప్పాను గాని, ఉద్యోగాల పుణ్యమా అని నా ఇంట్లో అది చాలాకాలం సమాసం కాలేదు, విగ్రహవాక్యంగానే ఉండిపోయింది: భార్యయును, భర్తయును. నేను ఇల్లందు అవతల ఒక బడిలో, ఆమె చర్ల దారిలో అడవి ఊళ్ల మధ్య ఉన్న దవాఖానాలో, నర్సుగా. ఆదివారం చర్చిలో పక్కపక్కన కూర్చునేవాళ్లం, సాయంత్రానికి చెరో బస్సు ఎక్కేవాళ్లం. చివరికి నాకు సారపాక దగ్గరి బడికి బదిలీ అయింది. సారపాకలోనే ఒక ఇల్లు కిరాయికి తీసుకున్నాం. ఆమె దవాఖానా పర్ణశాల మలుపు దాటి ఇంకా ముందుకు. ఆ దారిలో బస్సులు లేకపోలేదు. కానీ అవి రాములవారిని చూడవచ్చిన భక్తుల సమయానికి నడుస్తాయి, టీకాల సమయానికి నడవవు. అందుకని కారు. అది నడిచినన్నాళ్లు మాది ఒక ఇల్లు. అది ఆగిన రోజున మళ్లీ రెండిళ్లు. లెక్క అంత సులువు.

నడపడం ఆమెకే వచ్చు. నేను నేర్చుకోవడానికి కూర్చున్న మొదటి రోజే కాగితం మిల్లుకు దుంగలు తీసుకుపోయే జామాయిల్ లారీ ఒకటి ఎదురొచ్చింది. లారీ నన్ను తప్పించుకుంది, నేను డ్రైవింగును తప్పించుకున్నాను. అప్పటినుంచి నడపడం ఆమె వంతు, బానెట్ లేపడం నా వంతు. బానెట్ లేపి ఏం చేయాలో మొదట్లో తెలియదు. నాకు తెలిసిన ఆయిల్ అల్లా జామాయిల్ ఒక్కటే. తర్వాత ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. వారానికోసారి, పొద్దున్నే, లుంగీ మడిచి కట్టి, ఇంజన్ ఆయిల్ చూసే పుల్లను బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీసి, ఆకాశం వైపు పట్టి చూసేవాణ్ణి. రోడ్డు మీద పోయేవాళ్లు చూసేలా కొంచెం ఎత్తుగానే పట్టేవాణ్ణి.

ఒక గురువారం సాయంత్రం స్టాఫ్ రూములో ఉండగా ఆమె ఫోన్ చేసింది. దుమ్ముగూడెం దాటిందట, వేడి చూపించే సూది పైకి లేచిందట, బండి పక్కకు ఆపిందట. కూలెంట్ సీసా డిక్కీలో ఉందని నాకు తెలుసు. దాన్ని అక్కడ పెట్టిందే నేను. ఆ దారిలో నెట్‌వర్క్ ఎంతసేపుంటుందో తెలుసు కాబట్టి, కంగారు పడకుండా, చేయాల్సిందంతా ఒకే ఒక్క చిన్న వాక్యంలో పెట్టి చెప్పాను. క్లుప్తత కావ్యానికి గుణం. చెప్పడం అయిందో లేదో లైను తెగిపోయింది. చీకటి పడకముందే ఆమె ఇంటికి వచ్చేసింది. సూది దిగిందని చెప్పింది. ఆ పూట అన్నం తింటూ నేను రెండుసార్లు గొంతు సవరించుకున్నాను. ఆమె మెచ్చుకోలేదు. అయినా మెచ్చుకున్నట్టే నేను విన్నాను.

మర్నాడు పొద్దున పుల్ల బయటికి లాగాను.

నూనె నల్లగా లేదు. మా వీధి చివర హోటల్లో, పాలు ఎక్కువ పోయించుకుని ఒక కప్పు చాయ్ తీసుకుంటే ఏ రంగులో ఉంటుందో సరిగ్గా ఆ రంగులో ఉంది. పైగా నురుగు. పైగా ఉండాల్సిన గీత కంటే పైకి ఉంది. తుడిచి మళ్లీ ముంచాను. మళ్లీ చాయే.

ప్రహరీకి అటువైపు మా ఇంటి యజమాని పళ్లు తోముకుంటున్నాడు. ఇల్లందు బొగ్గు బావుల్లో పనిచేసి రిటైరై వచ్చిన మనిషి. నల్లటివి ఎన్నో చూసినవాడు కాబట్టి ఇది తెల్లబడిందని దూరం నుంచే గుర్తుపట్టాడు.

"సారూ, పొద్దుగాల పొద్దుగాల బండికి చాయ్ పోస్తున్నవా ఏంది?"

"నేను పోయలేదు, అదే కాచుకుంది" అన్నాను.

"మరి బిస్కెట్ గూడ ముంచకపోయినవా" అని పుక్కిలించి లోపలికి పోయాడు.

నాకు నవ్వు రాలేదు. ఫోన్ తీసి వెతికితే ఎవరో దొర తన గ్యారేజీలో నిలబడి, ఇదే రంగు పుల్లను పట్టుకుని, ఎంతో విచారంగా మాట్లాడుతున్నాడు. సగం అర్థమైంది, ఆ సగమే చాలింది. ఇంజన్‌లో నూనె దారి వేరు, కూలెంట్ దారి వేరు. ఆ రెంటినీ వేరుగా ఉంచేది ఇంజన్ మొండేనికీ తలకాయకూ మధ్య పరిచిన ఒక పలుచటి రేకు. దాన్ని హెడ్ గ్యాస్కెట్ అంటారు. అది కాలిపోతే నూనెలోకి కూలెంట్ దిగుతుంది. అంటే సంధి జరగకూడని చోట సంధి. తెలుగులో సంధి అంటే కలయికే కాదు, జ్వరం ముదిరి పేలాపన పుట్టే జబ్బు కూడా. ఆ పూట మా కారుకు మొదటిదీ, నాకు రెండోదీ వచ్చాయి.

ఆమె బస్సుకు బయల్దేరుతుంటే చెప్పాను: "హెడ్ గ్యాస్కెట్ పోయింది. ఆయిల్ల కూలెంట్ కలిసింది."

"ఎట్ల కలిసింది?"

"సంధి విడిపోయింది."

"కలిసిందంటవ్, విడిపోయిందంటవ్. ఏదో ఒకటి చెప్పు, నాకు బస్సు పోతది."

చెప్పేలోపే పోయింది. బస్సు కాదు, ఆమె.

మా మెకానిక్ షెడ్డు మిల్లు రోడ్డు మీద, జామాయిల్ లారీలు వరసకట్టి నిలబడే చోట. ఊళ్లో అందరూ మా ఆవిడను సిస్టరమ్మ అంటారు. ఆ లెక్కన నన్ను అందరూ బావ అనాలి గాని, అనే ధైర్యం మెకానిక్ ఒక్కడికే ఉంది. బావ అన్నాక వెటకారం వాడి హక్కు. శనివారం ఇంటికే వచ్చాడు.

"ఏంది బావా, ఫోన్ల గ్యాస్‌కిట్ పోయిందని నువ్వే తేల్చి చెప్పినవ్. రోగం నువ్వే చెప్తివి, మందు గూడ నువ్వే రాయరాదు?"

"చూసి చెప్పు. నాకెందుకో అట్లనిపించింది."

వాడు పుల్ల లాగి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వేళ్ల మధ్య రాసి చూశాడు. "అవ్, కలిసింది" అన్నాడు. నాకు ఒక పక్క గుండె జారింది, ఇంకో పక్క పరీక్ష పాసైన సంతోషం కూడా కలగకపోలేదు. తర్వాత వాడు కూలెంట్ ఉండే ప్లాస్టిక్ డబ్బా చూశాడు. అడుగున కొంచెమే ఉంది గాని శుభ్రంగా ఉంది. నూనె తెట్టు లేదు. రేడియేటర్ మూత తీసి, ఇంజన్‌ను కాసేపు తిప్పి, లోపలికి తొంగి చూశాడు. గ్యాస్కెట్ పోతే బుడగలు రావాలట. రాలేదు. నన్ను వెనక్కి పంపి పొగ చూడమన్నాడు. తెల్లగా, దట్టంగా రావాలట. నేను గొట్టం ముందు గొంతుక్కూర్చుని ఎంత ఆశగా చూసినా తెల్ల పొగ రాలేదు. ఉత్త పొగ వచ్చింది, అది నా కళ్లజోడు మీద పడింది.

మెకానిక్ ఇంజన్ ఆపి, తల గోక్కున్నాడు.

"గిదేదో మోసం కేసు బావా. నూనెల నీళ్లున్నయ్, నీళ్లల్ల నూనె లేదు. వీళ్లు వాళ్లింటికి పోయిన్రు గని, వాళ్లు వీళ్లింటికి రాలే. రాకపోకలు ఒక్క దిక్కే ఉన్నయ్."

"అట్లా ఉండదా?"

"ఉంటె ఉండొచ్చు. గని పొగ లేదు, బుడగ లేదు. ఎవలన్న బానెట్ లేపిన్రా? కొత్తగ ఆయిల్ గిట్ల పోసిన్రా?"

ఈ ప్రశ్నకు నేనిచ్చిన జవాబు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. చాలా నిబ్బరంగా, కొంచెం నొచ్చుకున్నట్టుగా చెప్పాను: "ఈ బానెట్ ముట్టుకునేది నేనొక్కణ్ణే."

"అయితే హెడ్డు ఇప్పాల్సిందే" అన్నాడు మెకానిక్. "ఇప్పితె గని తెల్వది."

విప్పిన తల ఖమ్మం పోవాలి. అక్కడ లేతు మీద దాని అడుగు చదును చేయిస్తారు. ఇంత పాత బండికి గ్యాస్కెట్ ఇక్కడ దొరకదు, హైదరాబాదు నుంచి రావాలి. వారం పైనే పడుతుంది, పక్షం కూడా పట్టొచ్చు, తల చూశాక వాడు ఇంకేమంటాడో తెలియదు. సోమవారం పొద్దున పని మొదలుపెడతానని, అప్పటిదాకా తాళం తిప్పొద్దని చెప్పి పోయాడు. నేను తిప్పనని మాటిచ్చాను. అసలు తిప్పడం రాదని వాడికి చెప్పలేదు.

ఆ రెండు రోజులూ ఆమె బస్సులో పోయి వచ్చింది. రెండు రోజులూ ఆలస్యమైంది. దవాఖానాలో డాక్టరు మంచివాడే. "ఎందుకమ్మా ఈ తిప్పలు, క్వార్టర్ ఖాళీగనే ఉంది కదా, ఉండరాదూ" అన్నాడట. ఆమె నాతో ఆ మాట చెప్పేటప్పుడు గొంతులో ఏమీ లేదు. పేషెంటుకు రిపోర్టు చెప్పేటప్పుడు ఉండే గొంతు.

"సోమవారం నుంచి ఆడనే ఉంట. బండి అయినంక చూద్దాం."

"పక్షమే కదా" అన్నాను.

"ఇంతకుముందు గూడ గట్లనే అనుకున్నం" అంది.

నిజమే. ఇంతకుముందు కూడా కొద్ది నెలలే అనుకున్నాం, ఏళ్లు పట్టింది. క్వార్టర్ అన్నది పావు వంతు అనుకుని పోతాం, పోయినాక అదే మొత్తమవుతుంది.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక పాస్టరుగారు ప్రార్థన అవసరతలు చెప్పమన్నారు. ఒకాయన మోకాళ్ల నొప్పులన్నాడు, ఒకామె కొడుకు పరీక్షలంది. నా వంతు వచ్చేసరికి హెడ్ గ్యాస్కెట్ అనడానికి నోరు రాలేదు. "ప్రయాణాల కోసం" అన్నాను. పాస్టరుగారు కళ్లు మూసుకుని మా ప్రయాణాలన్నిటి కోసం, ముఖ్యంగా మనందరం చేయవలసిన ఆ చివరి ప్రయాణం కోసం చాలాసేపు ప్రార్థించారు. నేను ఆమేన్ కొంచెం మెల్లగా అన్నాను.

మధ్యాహ్నం ఆమె సంచి సర్దడం మొదలుపెట్టింది. పెద్ద రెగ్జిన్ సంచి, వేరువేరు ఊళ్లలో ఉన్నన్నాళ్లూ వాడింది. ఇక్కడ ఇల్లు తీసుకున్నాక అటక మీద పడేశాం. దాన్ని దించింది నేనే, దుమ్ము దులిపింది నేనే, సాయం చేయకపోతే బాగుండదు కదా. చీరలు పోయాయి, తువ్వాలు, దువ్వెన, బైబిలు, ఇంట్లో తొడుక్కునే చెప్పులు. ఆ తర్వాత కుక్కర్ పోయింది. మా ఇంట్లో కుక్కర్ ఒకటే.

"కుక్కర్ పెట్టినవేంది?"

"ఆడ వండుకోవద్దా?"

"మరి నేను?"

"నీకు కుక్కర్ మూత పెట్టొస్తదా?"

రాదు. పెట్టడానికి ప్రయత్నించిన రోజున అది తిరగబడి సగం లోపల సగం బయట ఇరుక్కుంది. తీయడానికి ఇంటి యజమానిని పిలవాల్సి వచ్చింది. ఆ సంగతి ఆమె ఎత్తకపోవడంతో నాకు మరింత భయమేసింది. ఎత్తిపొడిచే మనిషి ఎత్తిపొడవడం మానేస్తే ఇక వెళ్లిపోవడానికి మనసు సిద్ధపడినట్టే.

ఆ సమయానికి ఆమె ఫోన్ మోగింది. అడవి ఊరి ఆశా కార్యకర్త. రెండు చేతులూ సంచిలో ఉన్నాయి కాబట్టి స్పీకర్ పెట్టమంది. పెట్టాను.

"సిస్టరమ్మా, మొన్న పుట్టిన పిల్లగాడు పచ్చగ దొడ్డికి పోతున్నడు. వాళ్ల నాయనమ్మ బుగులు పడ్తున్నది."

"ఏ పచ్చ? పసుపు లెక్కనా, ఆకు లెక్కనా?"

"ఆకు లెక్కనే."

"పాలు మంచిగ తాగుతుండా? జ్వరం ఉన్నదా? కళ్లు చూసినవా?"

"తాగుతుండు. జ్వరం లేదు. కళ్లు తెల్లగనే ఉన్నయ్."

"అయితే బుగులు లేదని చెప్పు. నీళ్లు, తేనె గిట్ల పట్టొద్దు, తల్లి పాలే పట్టాలె. నేను రేపొచ్చి చూస్త."

ఫోన్ పెట్టేశాక నేను అక్కడే నిలబడిపోయాను. పిల్లవాడి గురించి కాదు. ఏ పచ్చ అని ఆమె అడిగిన మాట దగ్గర.

"గురువారం నాడు కూలెంట్ ఏడ పోసినవ్?" అన్నాను.

"నువ్వు చెప్పిన కాడనే."

"నేనేం చెప్పిన?"

"పచ్చ మూత తీసి పొయ్యి అన్నవ్. తీసిన, పోసిన."

"ఏ పచ్చ?"

ఆమె నా వైపు చూసింది. తర్వాత వంటింటి గట్టు మీద ఉన్న పసుపు డబ్బా మూత వైపు చెయ్యి చూపించింది. "ఇగో, గిట్లాంటిది. ఇంజన్ మీద పెద్దగ అదొక్కటే కనబడ్తది గద."

ఇంజన్ మీద పెద్దగా, పసుపుపచ్చగా కనబడే ఆ మూత ఇంజన్ ఆయిల్ పోసే మూత. కూలెంట్ డబ్బా మూత నల్లగా మూలన నక్కి ఉంటుంది. గ్యాస్కెట్ కాలలేదు, ఏదీ విడిపోలేదు. అర సీసా కూలెంట్ నేరుగా నూనెలోకి, నా మాట మీద, నా భార్య చేతుల మీదుగా పోయింది. ఆ రోజు సూది దిగింది బండి ఆగి చల్లారినందుకే.

"నేనన్నది సీసా మూత! సీసా మూత ఆకుపచ్చగ ఉంటది గద!"

"సీసా మూత తీయకుండ ఎట్ల పోస్తరు? గది గూడ ఎవలన్న చెప్తరా?"

 

తెలుగువాడికి పచ్చ అంటే రెండు రంగులు. గడ్డీ పచ్చే, గడపకు రాసిన పసుపూ పచ్చే. పొద్దస్తమానం కామెర్ల కళ్లు చూసే ఆమెకు పచ్చ అంటే ముందు పసుపు. పచ్చిక, పచ్చదనం అని పాఠాలు చెప్పే నాకు పచ్చ అంటే ముందు ఆకు. ఆ రంగు సంగతలా ఉంచి, ఎందులో పోయాలో ఆ వాక్యంలో అసలు లేనే లేదు. లేని మాటను చదివేవాడే తెచ్చుకుని పూరించుకోవడాన్ని అధ్యాహారం అంటాం. కావ్యంలో అది అందం. ఇంజన్‌లో అది చాయ్. ఉన్న నాలుగు మాటల్లో చివరిది 'పొయ్యి'. ఆ మాటకున్న ఇంకో అర్థంలో చూస్తే, మా ఇంటి పొయ్యి రెండూళ్లలో రెండయ్యేదే, కొంచెంలో తప్పింది.

"నేను బండి ఆపిన కాడ ఒక అవ్వ బిందెతోని నీళ్లు తెచ్చింది" అంది ఆమె సంచి మీద కూర్చుని. "రేడియేటర్ల పొయ్యి బిడ్డా అన్నది. వద్దు అవ్వా, మా సారు తెలుగు పండితుడు, ఆయనెట్ల చెప్తె గట్లనే పోస్త అన్న."

ముందు నవ్వింది ఆమె. నేను నవ్వొచ్చో లేదో చూసుకుని తర్వాత నవ్వాను. సంచి మీద కూర్చునే ఎంతసేపు నవ్విందంటే, లోపల ఏదో కుక్కర్ విజిల్ కింద నలిగినట్టు చప్పుడయింది.

మెకానిక్‌కు ఫోన్ చేసి హెడ్డు విప్పొద్దని చెప్పి, కారణం చెప్పాను. అటువైపు ఫోన్ పక్కన పెట్టి నవ్వడం వినబడింది.  తిరిగి వచ్చి అడిగాడు.

"బావా, ఒక్క మాట. కోపం చెయ్యకు. నీకు తెలుగు రాదా?"

సోమవారం ఆమె బస్సుకే పోయింది, సంచి తీసుకోకుండా. కారును తాడు కట్టి షెడ్డుకు లాక్కుపోయారు. కింది బోల్టు విప్పితే ఇంజన్‌లోంచి పెళ్లింటి బకెట్‌కు సరిపోయేంత చాయ్ దిగింది. చవక నూనె పోసి, కాసేపు తిప్పి, దించారు. ఇంకా లేత రంగే. మళ్లీ పోసి, మళ్లీ తిప్పి, మళ్లీ దించారు. ఫిల్టర్ మార్చి, చివరికి అసలు నూనె పోశారు. పాత డీజిల్ ఇంజన్ కాబట్టి అంతా బాగుంటే కొత్త నూనె ఒక్క రోజుకే నల్లబడుతుందన్నారు. ఈ మధ్యలో వరసలో ఉన్న లారీ డ్రైవర్లందరికీ నా వాక్యం కంఠతా వచ్చేసింది. నేను చెప్పిన పద్యమేదీ ఏ క్లాసులోనూ అంత తొందరగా ఎవరికీ రాలేదు. నేను తెల్ల పెయింటు తెప్పించి పసుపు మూత మీద 'నూనె' అని, నల్ల మూత మీద 'నీళ్లు' అని గుండ్రటి అక్షరాలతో రాశాను. కారే గొట్టాన్ని కూడా మార్పించాను.

మెకానిక్ అక్షరాలు చూసి, "ఇంజన్‌కు గూడ అక్షరాభ్యాసం చేసినవ్" అన్నాడు. తర్వాత నవ్వు ఆపి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. ఎక్కడో లోతుగా, తలుపు తట్టినట్టు, మెత్తగా టక్ టక్‌మంది. వేడెక్కాక ఆగిపోయింది.

"అదేంది?"

"నీళ్లు కలిసిన నూనెతోని అంత దూరం నడిచింది గద. లోపల బేరింగులు కొంచెం తిన్నదేమో. తినలేదేమో. ఇప్పుడే చెప్పరాదు బావా. వారం నడిపి చూడాలె. చప్పుడు పెరిగితే ఇంజన్ పని. పెరగకపోతే మనకంటె ఎక్కువే నడుస్తది."

ఆ సాయంత్రం ఆమెకు అదే చెప్పాను, ఈసారి ఏ మాటా మింగకుండా. ఆమె తలుపు పక్కన నిలబెట్టిన సంచిని చూసింది. విప్పలేదు. "వారం అబ్జర్వేషన్ల పెడదాం" అంది. దవాఖానాలో కూడా అంతే, కోలుకున్నట్టు కనబడినంత మాత్రాన ఎవరినీ ఇంటికి పంపరు.

కుక్కర్ మాత్రం ఆ పూటే బయటికి వచ్చింది. ఆకలికి అబ్జర్వేషన్ లేదు కాబట్టి.

మంగళవారం పొద్దున ఆమె తాళం తిప్పింది. టక్ టక్‌మంది, ఆగింది. వీధి మలుపు తిరిగేదాకా నేను చెవి ఒగ్గి నిలబడ్డాను. బడిలో ఆ రోజు ఏం పాఠం చెప్పానో గుర్తులేదు. ఫోన్ మోగినప్పుడల్లా సుద్దముక్క జారిపోయింది. సాయంత్రం కారు వచ్చి ఆగగానే, ఆమె దిగేలోపే బానెట్ లేపి, పుల్ల లాగి, ఆకాశం వైపు పట్టి అరిచాను: "నల్లగుంది! మస్తు నల్లగుంది!"

వరండాలో ఉన్న ఇంటి యజమాని భార్య, కారులోంచి అలసిపోయి దిగుతున్న మా ఆవిడనూ నన్నూ మార్చి మార్చి చూసింది. "ఎండల పడి వచ్చిన ఆడామెను గట్ల అంటరా సారూ" అంది. వివరించబోయాను. ఆమె వినలేదు. కొన్ని రోజులు మా వీధిలో నా మీద మంచి అభిప్రాయం లేదు.

బుధవారం టక్ టక్ ఉంది, పెరగలేదు. ఆ రోజు తల దువ్వుకోవడానికి సంచిలోంచి దువ్వెన తీసింది, మళ్లీ అందులో పెట్టలేదు. గురువారం తువ్వాలు వచ్చింది. శుక్రవారం పొద్దున చప్పుడు కొంచెం గట్టిగా ఉన్నట్టనిపించి ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఇంటి యజమాని బోరు మోటారు ఆపగానే అదీ ఆగింది. ఆ సాయంత్రం చెప్పులు బయటికి వచ్చాయి. ఒక్కో చీర ఒక్కో రోజు తీసి కట్టుకుంది, ఉతికినవి బీరువాలోకి పోయాయి. సంచి విప్పుదామని ఆమె అనలేదు, విప్పమని నేనూ అడగలేదు. రోజురోజుకూ కొంచెం కొంచెం మెత్తబడి, తలుపు పక్కన అది తనంతట తానే కూలబడుతూ వచ్చింది.

శనివారం నేను బడినుంచి వచ్చేసరికి తలుపు పక్కన సంచి లేదు. వాకిట్లో కారు ఉంది, ఆమె లేదు. చెప్పుల్లేకుండానే వీధిలోకి పోయాను. చివర కూరగాయల బండి దగ్గర ఆమె బేరమాడుతోంది. భుజాన అదే సంచి, అందులోంచి తోటకూర కట్టలు బయటికి తొంగి చూస్తున్నాయి.

"ఏంది, ఉట్టి కాళ్లతోని ఉరుకొచ్చినవ్?" అంది.

ఏమీ లేదన్నాను. సంచి నేను పట్టుకున్నాను. బరువుగానే ఉంది.